ఆవో గేదో తెలియని బటన్

పొద్దున ఐదున్నరకి మా అత్త ఫోన్ చేసింది. "ఒరేయ్, ఇందులో ఆవేదో గేదేదో నాకు తెలియట్లేదురా, ఇక్కడ పది మంది క్యాన్లు పట్టుకుని నిలబడ్డారు, ఏది నొక్కమంటావు?" అంది. నేను హైదరాబాద్‌లో, ఇంకా మంచం మీదే ఉన్నాను. లేచి కూర్చుని, ఆవిడ పాల సెంటర్ కోసం నేను రాసిచ్చిన యాప్‌లో అదే స్క్రీన్ నా ఫోన్‌లో తెరిచాను. పక్కపక్కనే రెండు బటన్లు. రెండింటి మీదా నాలుగు కాళ్ళ జంతువు నీడ బొమ్మ, రెండూ బూడిద రంగే, ఒకదానికి కొమ్ములు కాస్త వెనక్కి తిరిగి ఉన్నాయి. అది గేదె. నాకు తెలుసు, ఎందుకంటే ఆ బొమ్మలు వెతికి పెట్టింది నేనే. మసక ట్యూబ్‌లైటు కింద, తడిచేత్తో, వెనక నుంచి "త్వరగా కానీయమ్మా" అని ఎవరో తొందరపెడుతుంటే చూసే మనిషికి ఆ కొమ్ముల తేడా ఎలా తెలుస్తుంది? "కుడివైపుది గేదె అత్తా" అని చెప్పాను. ఆ పూటకి పని నడిచింది. కానీ నేను ఫోన్‌లో నోటితో చెప్పాల్సి వచ్చిందంటే, ఆ బటన్ చేయాల్సిన పని చేయలేదనే కదా.

మా అత్తది పొన్నూరు దగ్గర ఒక పల్లె. ఇంటి ముందు గదిలోనే పాల సెంటర్. రెండు పూటలా కలిపి యాభై మంది దాకా పాలు పోస్తారు. ఎక్కువమందివి గేదె పాలే, ఏడెనిమిది మంది మాత్రం ఆవు పాలు తెస్తారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, ఫ్యాట్ ఎంత వచ్చిందో పుస్తకంలో రాసుకుని, పదిహేను రోజులకోసారి కూడికలు వేసి బిల్లులు తేల్చేది. ఆ కూడికల రోజు పడుకునేసరికి రాత్రి పన్నెండు దాటేది. అది చూసే రెండు నెలల పాటు శని, ఆదివారాలు కూర్చుని ఈ యాప్ రాశాను. పల్లెటూరు, అందరూ పెద్దవాళ్ళు, చదువు తక్కువ, కాబట్టి మాటలు వద్దు, బొమ్మలు పెడదాం అనుకున్నాను. మొదటి స్క్రీన్ మీద ఒక్క తెలుగు అక్షరం లేదు, ఆరు బొమ్మ బటన్లు మాత్రమే. వాళ్ళకి ఇదే సులువని గట్టిగా నమ్మాను.

ఆ ఫోన్ వచ్చిన వారానికి ఊరెళ్ళి అత్త పాత పుస్తకం తిరగేశాను. ప్రతి వరుసలోనూ పేరు పక్కన ఒకే ఒక్క అక్షరం, "గే" అనో "ఆ" అనో. పన్నెండేళ్ళుగా తను వాడుకున్న గుర్తు అది. ఎప్పుడూ తప్పు పడలేదు. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి మా అత్త. ఆవిడకి అక్షరం కంటే బొమ్మే సులువని నేను ఆవిడని అడగకుండానే తేల్చేశాను. ఇది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఈ పొరపాటు నా ఒక్కడిదే అయితే ఇంత రాయక్కర్లేదు. "మన జనానికి చదవడం రాదు, ఐకాన్లు పెట్టండి" అనే మాట నేను మీటింగుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం. అంటే అప్పటికే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి చదవడం వచ్చు. మిగిలిన ఒక్కరి కోసం అని చెప్పి ఆ ఇద్దరికీ తెలిసిన మాట తీసేస్తున్నాం, పోనీ ఆ ఒక్కరికైనా అర్థమయ్యే బొమ్మ ఇస్తున్నామా అంటే అదీ లేదు. గేర్ చక్రం అంటే సెట్టింగ్స్ అని, మూడు అడ్డగీతలంటే మెనూ అని, ఫ్లాపీ డిస్కు అంటే సేవ్ అని చదువురాని మనిషికి ఎవరు చెప్పారు? ఇవి బొమ్మలు కావు, ఇంకో లిపిలో అక్షరాలు. కంప్యూటర్ ముందు పదేళ్ళు కూర్చున్నవాళ్ళు నేర్చుకున్న లిపి అది. మా అత్త ఫ్లాపీ ఎన్నడూ చూడలేదు, ఆ మాటకొస్తే నా దగ్గర పనిచేసే కొత్త కుర్రాళ్ళూ చూడలేదు.

నేను చెప్పేది ఒక్కటే. బొమ్మ బటన్ పెట్టండి, చక్కగా పెట్టండి, కానీ దాని కింద ఆ పని పేరు తెలుగులో రాయండి. బొమ్మ, మాట, నొక్కినట్టు తెలిసే స్పందన, వేలికి సరిపడా చోటు, ఇవన్నీ కలిస్తేనే అది బటన్. వీటిలో ఏది తగ్గినా, తగ్గినంత భారం దాన్ని వాడే మనిషి మీద పడుతుంది.

ఈ సంగతి మన దేశానికి కొత్తేమీ కాదు. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద ఆ అభ్యర్థి గుర్తు అంటించారు. ఓటరు కాగితం మీద ఏ ముద్రా వేయక్కర్లేదు, తనకు కావాల్సిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. కోట్ల మంది చదువురాని వాళ్ళు అలాగే ఓటు వేశారు. ఇప్పటి ఈవీఎం చూడండి. నా దృష్టిలో ఈ దేశంలో అన్నిటికంటే ఎక్కువమంది వాడిన బొమ్మ బటన్ అదే. వరుస నంబరు, అభ్యర్థి పేరు, 2015 నుంచి ఫొటో కూడా, గుర్తు, ఆ పక్కన నీలం బటన్. గుర్తుంది కదా అని పేరు తీసేయలేదు. చూపు లేనివాళ్ళ కోసం బ్రెయిలీ ఉంది. నొక్కగానే ఆ వరుసలో ఎర్ర దీపం వెలుగుతుంది, పొడుగ్గా బీప్ మోగుతుంది, వీవీప్యాట్ కిటికీలో ఎవరికి వేశారో ఆ స్లిప్పు 7 సెకన్లు కనిపిస్తుంది. బొమ్మ, మాట, స్పర్శ, వెలుగు, చప్పుడు, ఆ తర్వాత రుజువు. డబ్బుతో ముడిపడ్డ యాప్‌లలో కూడా ఇంత శ్రద్ధ నాకు కనపడదు.

ఆ గుర్తుల్లోనూ నా ఆవు-గేదె సమస్యే వచ్చింది. 2022లో మునుగోడు ఉప ఎన్నిక ముందు టీఆర్ఎస్ హైకోర్టుకు వెళ్ళింది. రోడ్డు రోలర్, చపాతీ రోలర్, సబ్బు పెట్టె లాంటి గుర్తులు తమ కారు గుర్తును పోలి ఉన్నాయి, ఓటర్లు పొరపడుతున్నారు, వాటిని తీసేయాలని అడిగింది. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు చాలామంది సబ్బు పెట్టెకి, కారుకి పోలికేంటి అన్నారు. పెద్ద సైజులో చూస్తే పోలికే లేదు. కానీ నలుపు తెలుపులో, చిన్న గడిలో, గీతలతో మాత్రమే గీసినప్పుడు రెండూ కింద చదునుగా, పైన ఒంపుగా ఉన్న ఆకారాలే. కోర్టు సంగతి, రాజకీయం సంగతి పక్కన పెడితే, స్క్రీన్‌లకు బొమ్మలు గీసేవాళ్ళందరూ ఆ గొడవ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. బొమ్మను పెద్ద మానిటర్ మీద విడిగా చూసి బాగుంది అనకూడదు. దాని పక్కన ఉండబోయే బొమ్మతో కలిపి, అది కనపడబోయే సైజులో, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడాలి.

నేను పూట ఎంచుకోవడానికి పెట్టిన రెండు బొమ్మలైతే ఇంకా దారుణం. ఉదయానికి పొద్దుపొడుపు, సాయంత్రానికి పొద్దుగుంకడం. రెండింట్లోనూ గీత మీద సగం సూర్యుడు, చుట్టూ కిరణాలు, ఒకదానిలో బాణం పైకి, ఇంకోదానిలో కిందికి. ఐకాన్ల సెట్‌లో ఆ రెండూ అలాగే దొరుకుతాయి. నేను కనీసం ఆలోచించకుండా దించేశాను. చివరికి ఆ బటన్లు రెండూ పీకేశాను. ఫోన్‌లో గడియారం ఉంది కదా, పూట అదే తేల్చుకుంటుంది, పైన పెద్ద అక్షరాలతో "ఉదయం పూట" అని చూపిస్తుంది.

ఇప్పుడు కోడ్ సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ సమస్యలో సగం అక్కడే పుడుతుంది.

ఆండ్రాయిడ్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్ళు బొమ్మ ఉన్న బటన్ కావాలంటే మొదట దొరికేది ఇమేజ్‌బటన్. పేరు చూసి ఇది బటన్‌కి బిడ్డ అనుకుంటాం. కాదు. ఇమేజ్‌బటన్ పుట్టింది బొమ్మలు చూపించే ఇమేజ్‌వ్యూ నుంచి. మామూలు బటన్ పుట్టింది అక్షరాలు చూపించే టెక్స్ట్‌వ్యూ నుంచి. అందుకే ఇమేజ్‌బటన్‌కి టెక్స్ట్ ఇవ్వడం కుదరదు, దానికి అక్షరం చూపించడం పుట్టుకతోనే రాదు. కింద మాట ఉండాలని మీరు అనుకున్నా ఆ పరికరం ఒప్పుకోదు, అప్పుడు "పోన్లే, బొమ్మ చాలు" అనుకుని ముందుకెళ్ళిపోతాం. నేనూ అలాగే వెళ్ళాను. చాలా యాప్‌లలో మాటల్లేని బటన్లు ఎవరో కూర్చుని నిర్ణయించినవి కావని, మొదట చేతికందిన పరికరం వల్ల అలా మిగిలిపోయినవని నా అభిప్రాయం.

దారులు లేక కాదు. మామూలు బటన్‌కే డ్రాయబుల్ టాప్ అనే లక్షణం ఉంది, బొమ్మ పైన, మాట కింద వస్తుంది. గూగుల్ ఇచ్చే మెటీరియల్ బటన్ వాడితే ఐకాన్ ఇచ్చి, ఐకాన్ గ్రావిటీ టాప్ అని పెట్టొచ్చు. కానీ అక్కడో తిరకాసు ఉంది, నా సాయంత్రం ఒకటి మొత్తం తినేసింది. మెటీరియల్ బటన్ తన రంగునే ఐకాన్ మీద పులుముతుంది. రంగుల బొమ్మ ఇచ్చినా ఒకే రంగు ముద్దలా కనిపిస్తుంది. ఐకాన్ టింట్ అనే ఆ పులిమే రంగుని నల్, అంటే ఖాళీ, చేస్తే గానీ అసలు రంగులు రావు. ఆండ్రాయిడ్ స్క్రీన్లు రాసే కొత్త పద్ధతి కంపోజ్‌లో ఐకాన్ అనే దానిదీ ఇదే కథ, టింట్‌ని కలర్ అన్‌స్పెసిఫైడ్ చేయాలి, లేదా ఐకాన్ బదులు ఇమేజ్ వాడాలి. ఒకే రంగు ఐకాన్లు చూడ్డానికి పద్ధతిగా ఉంటాయని ఈ పరికరాలు తయారు చేసినవాళ్ళు అనుకున్నారు, ఆఫీసు యాప్‌కి అది నిజమే కావచ్చు. మా అత్త సెంటర్‌లో మాత్రం గేదె నలుపు, ఆవు తెలుపు మీద ఎర్రమచ్చ, ఆ రంగే సగం గుర్తు.

నేను చివరికి చేసింది ఇంకోలా ఉంది. ఒకదాని కింద ఒకటి పేర్చే నిలువు లినియర్ లేఔట్, అందులో ఇమేజ్‌వ్యూ, కింద టెక్స్ట్‌వ్యూ, క్లిక్ మాత్రం మొత్తం లేఔట్‌కి. అప్పుడు బొమ్మ మీద నొక్కినా, మాట మీద నొక్కినా, రెండింటి మధ్య ఖాళీలో నొక్కినా ఒకటే. ఇది ముఖ్యం. కొన్ని యాప్‌లలో బొమ్మ నొక్కితే పని జరుగుతుంది, దాని కింద మాట నొక్కితే ఏమీ కాదు. చదివేవాడు మాటనే నొక్కుతాడు కదా!

బొమ్మ ఎలా ఉండాలన్న దాని మీద కూడా రెండు సార్లు తప్పటడుగు వేశాను. నీడ బొమ్మలు పనికిరావని తెలిశాక ఫొటోలు పెడదాం అనుకున్నాను. వాళ్ళ గేదెనే, వాళ్ళ ఆవునే ఫోన్‌తో తీసి, 1200 పిక్సెళ్ళ చతురస్రంగా కత్తిరించి, యాప్ బొమ్మలు ఉండే డ్రాయబుల్ ఫోల్డర్‌లో పడేశాను. యాప్ తెరవగానే అత్త ఫోన్ నత్తనడక. కారణం ఇదీ. ఏ పేరూ తగిలించని డ్రాయబుల్ ఫోల్డర్‌లో ఉన్న బొమ్మని ఆండ్రాయిడ్ 160 డీపీఐ (అంగుళానికి 160 చుక్కల) స్క్రీన్ కోసం చేసినదిగా లెక్కేస్తుంది. అత్త ఫోన్ దానికి రెట్టింపు, 320. కాబట్టి 1200 పిక్సెళ్ళని 2400 చేస్తుంది. 2400 ఇంటూ 2400, పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే 2 కోట్ల 30 లక్షల బైట్లు, ఒక్క బొమ్మకి 23 ఎంబీ. రెండు బొమ్మలకి 46. స్క్రీన్ మీద ఆ బటన్ బొమ్మ తీసుకునే చోటు 96 డీపీ (ఏ స్క్రీన్ మీదైనా ఇంచుమించు ఒకే సైజు వచ్చేలా ఆండ్రాయిడ్ వాడే కొలత), అంటే ఆ ఫోన్‌లో 192 పిక్సెళ్ళు, దానికి నిజంగా కావాల్సింది లక్షా 47 వేల బైట్లు. నూటయాభై రెట్లకు పైగా వృథా. ఇది చిన్న ఫోన్లున్న వాళ్ళకే తగులుతుంది, మన చేతిలో ఉన్న ఖరీదైన ఫోన్‌లో మనకి తెలియను కూడా తెలియదు.

పైగా ఫొటోలో గేదె చిన్నదయ్యేసరికి నల్లటి మచ్చలా మిగిలింది. ఆఖరికి గీత బొమ్మలకే వచ్చాను, కానీ ఈసారి జంతువు మొత్తం కాదు, ఎదురుగా చూసే తల మాత్రమే. గేదెకి ముర్రా గేదెల్లాగా చుట్టలు తిరిగిన కొమ్ములు, ఆవుకి తెల్లటి మొహం మీద ఎర్రమచ్చ. గేదె తల వెనక లేత పసుపు, ఆవు తల వెనక లేత నీలం. వెక్టార్ డ్రాయబుల్‌గా, అంటే చుక్కలుగా కాకుండా గీతల లెక్కలుగా, పెట్టాను కాబట్టి ఏ స్క్రీన్‌లోనైనా అంచులు పదునుగానే ఉంటాయి, ఫైలు కూడా కొద్ది కిలోబైట్లే. ఆండ్రాయిడ్ 5.0 నుంచి ఈ సౌకర్యం ఉంది, ఇంకా చుక్కల బొమ్మ ఫైళ్ళు, పీఎన్‌జీలు, నాలుగైదు సైజుల్లో చేసి పెట్టుకునే అవసరం మామూలు ఐకాన్లకి లేదు. కింద పెద్ద అక్షరాలతో "గేదె", "ఆవు". బొమ్మలు మార్చి పంపాక అత్తని మళ్ళీ ఏమీ అడగలేదు, తను కూడా ఫోన్ చేయలేదు. నెల తర్వాత వెళ్ళి చూస్తే తను మాట చూసే నొక్కుతోంది. పాలు పోసేవాళ్ళు మాత్రం అవతలి నుంచి తొంగిచూసి బొమ్మని చూసుకుంటున్నారు, తమది సరిగ్గా పడిందా లేదా అని. ఒకే బటన్, ఇద్దరికీ రెండు రకాలుగా పనికొస్తోంది. ఇది నేను ముందుగా ఊహించలేదు.

మాటని బొమ్మలోనే కలిపి గీయించేస్తే పోలా అని అడుగుతారు. డిజైనర్లు చాలాసార్లు అలాగే ఇస్తారు, తెలుగు అక్షరాలతో సహా ఒకే పీఎన్‌జీ. దయచేసి వద్దు. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్ళకి ఆ మాట పెద్దది కాదు. మా ఊళ్ళో యాభై దాటిన ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ అక్షరాలు పెద్దవి చేసే ఉంటాయి. బొమ్మలోని మాటని, చూపులేని వాళ్ళకి తెర మీది మాటలు పైకి చదివే స్క్రీన్ రీడర్ చదవలేదు. రేపు భాష మార్చాలంటే బొమ్మలన్నీ మళ్ళీ గీయాలి. అన్నిటికంటే, భారతీయ భాషల కోసం సెట్ చేయని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి "ప్రవేశం" కాస్తా పొల్లు హల్లుతో "ప్‌రవేశం" అవుతుంది, తెలుగు రాని డిజైనర్‌కి అది తప్పని తెలియదు, తెలుగు వచ్చిన మనం తొందరలో చూడం. అలా విరిగిన తెలుగు బటన్ల మీద చూసినప్పుడల్లా నాకు కడుపులో ఏదోలా ఉంటుంది.

మాట టెక్స్ట్‌వ్యూలో పెట్టినా తెలుగుకి ఒక జాగ్రత్త కావాలి. మన లిపి పొడుగు. పైన గుడులు, కింద ఒత్తులు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషు కొలతలతో బటన్ ఎత్తు బిగించేస్తే "లక్ష్మి"లో కింది ఒత్తు తెగిపోతుంది. అక్షరాల పైనా కిందా వదిలే ఖాళీ, ఫాంట్ ప్యాడింగ్, తీసేయడం అనేది చాలామంది అలవాటుగా చేస్తారు, ఇంగ్లీషులో అది నీట్‌గా ఉంటుంది, తెలుగులో తల, కాళ్ళు పోతాయి. ఎత్తు ర్యాప్ కంటెంట్, అంటే లోపలి మాటకి తగ్గట్టు పెరిగేలా, చేసి, కనీస ఎత్తు మాత్రం ఇస్తే ఈ బాధ ఉండదు. ఇలాంటి పొడుగు లిపుల కోసమే ఆండ్రాయిడ్‌లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అనే లక్షణం కూడా వచ్చింది, ఆండ్రాయిడ్ 16ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో మాత్రం దాన్ని ఇక పట్టించుకోరు.

ఇక నొక్కడం. గూగుల్ మెటీరియల్ మార్గదర్శకాలు కనీసం 48 డీపీ ఉండాలంటాయి, ఆపిల్ 44 పాయింట్లు అంటుంది. ఒక డీపీ అంటే అంగుళంలో 160వ వంతు, కాబట్టి 48 డీపీ అంటే లెక్క ప్రకారం ఏడున్నర మిల్లీమీటర్లు. అది ఆరోగ్యంగా, పొడిగా, కూర్చుని వాడే వేలికి కనీసం. పాలు కొలిచే చేయి తడిగా ఉంటుంది, టచ్ స్క్రీన్‌కి నీటి చుక్క కూడా వేలులాగే అనిపిస్తుంది, పొలం పని చేసిన వేళ్ళ కొసలు మొద్దుబారి ఉంటాయి. నేను 96 డీపీ బొమ్మతో, మాటతో కలిపి ఇంకా పెద్దగా, రెండు బటన్ల మధ్య బొటనవేలంత ఖాళీ వదిలి పెట్టాను. ఒక స్క్రీన్‌లో ఆరు బటన్లు పట్టలేదు. మూడే పట్టాయి. మిగతా మూడూ రోజూ వాడేవి కావు, లోపలికి పంపించాను. బొమ్మ చిన్నదే ఉండాలనుకుంటే కూడా చుట్టూ ప్యాడింగ్ ఇచ్చి నొక్కే చోటు పెంచొచ్చు. 24 డీపీ ఐకాన్‌కి నాలుగు వైపులా 12 ఇస్తే 48 అవుతుంది. యాప్‌లు రాసే వేరే పరికరాల్లోనూ దారి ఉంది, రియాక్ట్ నేటివ్‌లో ప్రెసబుల్‌కి హిట్ స్లాప్ ఇవ్వొచ్చు. ఫ్లట్టర్‌లో ఐకాన్‌బటన్ వాడితే ఆ చోటు అదే ఇస్తుంది.

స్పందన గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ డబ్బు పోయింది. ఇమేజ్‌బటన్‌కి వెనక బూడిద పెట్టె వస్తుంది, అది బాగోలేదని బ్యాక్‌గ్రౌండ్ నల్ చేశాను. అందరూ చేసేదే. కానీ నొక్కినప్పుడు బటన్ మీద నీటి అలలా పాకే ఆ రంగు, ఆ అల కూడా బ్యాక్‌గ్రౌండ్‌లోనే ఉంటుంది, పెట్టెతో పాటు అదీ పోయింది. నొక్కితే ఏమీ కదలదు. సేవ్ కావడానికి ఆ ఫోన్‌లో సెకను పడుతుంది. అత్త ఒకసారి నొక్కి, ఏమీ కాకపోయేసరికి మళ్ళీ నొక్కింది. ఒకే మనిషి పాలు రెండుసార్లు పడ్డాయి. పదిహేను రోజుల బిల్లులో నలుగురికి ఎక్కువ లెక్క వచ్చింది. తను పాత పుస్తకం కూడా పక్కన రాస్తూ ఉంది కాబట్టి దొరికింది, లేకపోతే ఆ డబ్బు తన చేతి నుంచే పోయేది. అందులో ఒకాయన తనంతట తనే వచ్చి "నాకు ఎక్కువ వచ్చినట్టుందమ్మా, చూసుకో" అన్నాడట. ఆయన ఆ మాట అనకపోయినా తప్పు ఆయనది కాదు, నాది.

సరిచేయడానికి పట్టింది పది నిమిషాలు. బ్యాక్‌గ్రౌండ్ నల్ బదులు సెలెక్టబుల్ ఐటమ్ బ్యాక్‌గ్రౌండ్ ఇస్తే పెట్టె పోతుంది, అల ఉంటుంది. ఫ్లట్టర్‌లోనూ ఇదే బాధ, ఇంక్‌వెల్ లోపల మామూలు ఇమేజ్ పెడితే అల బొమ్మ వెనక దాక్కుంటుంది, ఇంక్ డాట్ ఇమేజ్ వాడాలి. నొక్కిన వెంటనే ఆ బటన్‌ని సేవ్ అయ్యేదాకా పనిచేయకుండా ఆపాను, ఫోన్ చిన్నగా వణికేలా పెట్టాను. ఆ పైన గొంతు. కిరాణా కొట్లో పేమెంట్ చేశాక ఇప్పుడు ఎవరూ మన ఫోన్‌లోని పచ్చ టిక్కు చూడరు, కౌంటర్ మీది స్పీకర్ తెలుగులో ఇన్ని రూపాయలు వచ్చాయని చెప్పేదాకా ఆగుతారు. అది చూసే ఈ ఆలోచన వచ్చింది. ఇప్పుడు సేవ్ కాగానే ఫోన్ "గేదె పాలు, ఆరు లీటర్లు" అని పైకి చదువుతుంది. ఫోన్‌లోని టెక్స్ట్ టు స్పీచ్‌కి తెలుగు వచ్చు, పది లైన్ల కోడ్. పోసినవాళ్ళకి వినపడుతుంది, తప్పైతే అక్కడే చెప్తారు. చదవడం రానివాళ్ళ కోసం నిజంగా ఏమైనా చేయాలనుకుంటే బొమ్మ కంటే ముందు చేయాల్సింది ఇది.

చూపులేని వాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. మా ఆఫీసులో నా పక్క టీమ్‌లో ఒకతను ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌తో ఫోన్ వాడతాడు. ఒకరోజు భోజనం దగ్గర ఒక యాప్ తెరిచి నాకు వినిపించాడు. వేలు కదిపినకొద్దీ "అన్‌లేబుల్డ్ బటన్, అన్‌లేబుల్డ్ బటన్, అన్‌లేబుల్డ్ బటన్". వరుసగా ఐదు. ఏది దేనికో గుర్తుపెట్టుకోవడానికి అతను ఒక్కోటీ నొక్కి చూసుకుని లెక్క పెట్టుకున్నాడు, మూడోది టికెట్, నాలుగోది రద్దు. తర్వాతి అప్‌డేట్‌లో వరుస మారింది. ఆ బొమ్మలకి టాక్‌బ్యాక్ చదివే కంటెంట్ డిస్క్రిప్షన్ అనే ఒక్క లైను రాసి ఉంటే ఇదేదీ ఉండేది కాదు. కంపోజ్‌లో ఐకాన్ రాసేటప్పుడు ఆ విలువ ఇవ్వకపోతే కోడ్ కంపైలే కాదు, అంత గట్టిగా అడుగుతుంది, అయినా చాలామంది అక్కడ నల్ అని కొట్టి వెళ్ళిపోతారు. రాసేటప్పుడు కూడా బొమ్మ ఏమిటో కాదు, నొక్కితే జరిగే పని ఏమిటో రాయాలి. "గేదె తల బొమ్మ బటన్" అని కాదు, "గేదె పాలు" అని. బటన్ అన్న మాట టాక్‌బ్యాకే చేరుస్తుంది. కింద టెక్స్ట్ ఎలాగూ ఉంటే బొమ్మకి వేరే వివరణ అక్కర్లేదు, నల్ ఇచ్చేయొచ్చు, లేకపోతే ఒకే మాట రెండుసార్లు చదువుతుంది. చూశారా, కళ్ళున్నవాళ్ళ కోసం కింద మాట పెడితే చూపులేని వాళ్ళ సమస్య కూడా దానంతట అదే తీరిపోతోంది.

దీనికి నేను విన్న అభ్యంతరాలు రెండు. స్క్రీన్ కిక్కిరిసిపోతుంది అంటారు. కిక్కిరిస్తే బటన్లు తగ్గించాలి గానీ వాటి పేర్లు తీసేస్తామా? ఆరు బటన్లు మూడు చేసినప్పుడే నాకు తెలిసింది, మిగతా మూడూ అక్కడ ఉండాల్సినవి కావని. రెండోది, వాట్సాప్‌లో మైకు బొమ్మ కింద మాట లేదు కదా, అందరూ వాడట్లేదా అంటారు. వాడుతున్నారు. రోజుకి యాభై సార్లు నొక్కి, మనవడో కూతురో పక్కన కూర్చుని చూపిస్తే నేర్చుకున్నారు. అలా కొన్ని బొమ్మలు జనానికి పట్టుబడ్డాయి, ఫోన్ రిసీవర్, కెమెరా, పాట మొదలుపెట్టే త్రికోణం. వాటికి మాట లేకపోయినా నడుస్తుంది. నెలకోసారి తెరిచే మీ యాప్‌కి, నా యాప్‌కి అలా నేర్పించే మనవడు లేడు.

మాట పెట్టడం అంటే ఏ మాటైనా పెట్టడం కాదు. "సమర్పించు", "శోధన", "నమోదు చేయుము" లాంటివి అనువాదం చేసినవాళ్ళ మాటలు. మా అత్త సెంటర్‌లో ఎవరూ పాలు నమోదు చేయరు, పోస్తారు. ఫ్యాట్‌ని వెన్న శాతం అని రాస్తే తనే నన్ను ఆపింది, "ఫ్యాట్ అనే రాయిరా, అందరూ అదే అంటారు" అని. బిల్లు బిల్లే, స్లిప్పు స్లిప్పే. బటన్ల మీద ఉన్న ప్రతి మాటా ఇప్పుడు ఆ గదిలో వినపడే మాటే.

ఒక్క బటన్‌కి మాత్రం బొమ్మ కుదరలేదు. తప్పుగా కొట్టినదాన్ని వెనక్కి తీసే బటన్. వంపు బాణం పెట్టి చూశాను, అది ఇంకో స్క్రీన్‌కి వెళ్ళేదనుకుంది. పెన్సిల్ రాత చెరిపే రబ్బరు బొమ్మ పెట్టాను, సబ్బనుకుంది. చెత్తబుట్ట పెడితే "వద్దురా, మొత్తం పోతుందేమోనని భయమేస్తోంది" అంది. పోయిన నెల వెళ్ళినప్పుడు ఇంకో నాలుగు బొమ్మలు కాగితం మీద గీసి తీసుకెళ్ళాను. సాయంత్రం పూట అయిపోయి క్యాన్లు కడుగుతోంది. అన్నీ చూసి, చేతులు కొంగుకి తుడుచుకుని, "వీటికింత కష్టపడ్డం ఎందుకురా, 'తప్పు పడింది' అని రాసేయ్, నేను చూసుకుంటా" అంది. ఇప్పుడు స్క్రీన్ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక ఎర్ర బటన్ ఉంది, దాని మీద ఏ బొమ్మా లేదు, ఆ రెండు మాటలే ఉన్నాయి.